వరస చెప్పి పిలవాలి

మా పిన్ని ఒక్క బేస్‌బాల్ మ్యాచ్ కూడా గ్రౌండుకి వెళ్ళి చూడలేదు. ఆ బంతి ఎంత బరువుంటుందో కూడా ఆమెకి తెలియదు. అయినా పది జట్లున్న బేస్‌బాల్ లీగుని ఏళ్ళ తరబడి నడుపుతోంది. ఈ మాట చెప్తే జనం నన్నే ఎగాదిగా చూస్తారు, కాలేజీ మధ్యలో మానేసినవాడు ఇంకేం చెప్తాడులే అన్నట్టు. చూడనీ. నేను ఆ ఇంట్లోనే ఉంటున్నాను, కళ్ళారా చూసిందే రాస్తున్నాను.

పిన్ని పళ్ళ ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ల కౌంటర్లో పనిచేస్తుంది. దవడ వాచి వచ్చిన ప్రతివాడూ తన నొప్పే నొప్పి అనుకుంటాడు. అందరికీ ముందే వెళ్ళాలి. పిన్ని గొంతు పెంచదు, బతిమాలదు. "ముందు ఆవిడ, తరవాత మీరు, మీ తరవాత ఆ చారల చొక్కా ఆయన" అని వేలు చూపించి చెప్తుంది. తన ముందెవరో వెనకెవరో ముఖాలతో సహా తెలిశాక మనిషి సగం చల్లబడతాడట. డాక్టరుగారి మీద అరిచినవాళ్ళని చూశాను గానీ పిన్ని మీద అరిచినవాణ్ణి చూడలేదు.

లీగంతా కంప్యూటర్లోనే. ఎప్పుడో ఆడి మానేసిన ఆటగాళ్ళ అసలు లెక్కలు ఒక ప్రోగ్రాములో ఉంటాయి. మనం జట్టు కట్టి వదిలేస్తే అది సాయంత్రానికి మ్యాచ్ ఆడేసి ఫలితం చెప్తుంది. ఆటగాళ్ళకి దెబ్బలు కూడా తగిలిస్తుంది. సీజను మొదట్లో అందరూ కలిసి వంతులవారీగా ఆటగాళ్ళని పిలుచుకోవాలి. దాన్నే డ్రాఫ్టు అంటారు. ఒకరు పిలిచినవాణ్ణి ఇంకొకరు పిలవకూడదు. కిందటి సీజనులో అడుగున ఉన్న జట్టుకి మొదటి వంతు.

లిఫ్టన్న ఆసుపత్రి లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చి, పిన్ని ఫోన్లో స్కోరు చూసి, ఇదేమిటని అడిగి చేరిపోయాడు. తరవాత తన తోడల్లుణ్ణి లాక్కొచ్చాడు. ఆయన బాత్రూములకి టైల్స్ వేసే మేస్త్రీ, లీగులో పేరు టైల్సు. చెరో ఇద్దరు స్నేహితుల్నీ తెచ్చారు. అంటే సగానికి పైన లీగు ఈ ఇద్దరి ముఖం చూసి నిలబడిందే.

కిందటి సీజనులో టైల్సు తన పిచ్చర్ని, అంటే బంతి విసిరేవాణ్ణి, లిఫ్టన్నకిచ్చి బదులుగా ఇద్దరు బ్యాటర్లని తీసుకున్నాడు. వారం తిరక్కుండానే ఆ పిచ్చర్ భుజం పోయింది. తెలిసే అంటగట్టాడని లిఫ్టన్న, ప్రోగ్రాముకి నేనేమైనా లంచమిచ్చానా అని టైల్సు. పిచ్చర్ లేక లిఫ్టన్న జట్టు అట్టడుగుకి పోయింది. చిత్రమేమిటంటే పిచ్చర్ని అమ్ముకుని టైల్సు జట్టు కూడా దానికి ఒక్క మెట్టు పైనే ఆగింది. భార్యలిద్దరూ అక్కచెల్లెళ్ళు కదా, ఫోన్లో చెప్పుకుని నవ్వుకున్నారు. మొగుళ్ళు మాత్రం మాటలు మానేశారు. అత్తారింట్లో ఒకే సోఫాలో ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చుని మధ్యలో దిండ్లు పేర్చుకున్నారట. కొత్త సీజను దగ్గరపడగానే ఇద్దరూ పిన్నికి విడివిడిగా ఒకే కబురు పెట్టారు: వాడుంటే నేనుండను.

వాళ్ళు పోతే వెనకే ఆ నలుగురూ పోతారు. లీగు ముగిసినట్టే. పగలంతా ఇంకొకళ్ళ నొప్పి వినే మనిషికి సాయంత్రం తనదంటూ ఉన్నది అదొక్కటే. ఆ మాట ఆమె అనలేదు. కౌంటర్లో కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తుందని ఇంట్లో లాప్‌టాప్‌ని ఇస్త్రీ బల్ల మీద పెట్టుకుని నిలబడే పనిచేస్తుంది. ఆ రోజు ఆ కబుర్లు చదివి, తెర ఆరిపోయినా అక్కడే నిలబడి ఉంది.

ఇంత బెట్టు చేసేవాళ్ళని వదిలెయ్, కొత్తవాళ్ళని చూసుకో అన్నాను. నాకు తోచింది అదే.

"కదిలిన పన్నునల్లా పీకేస్తే మా ఆసుపత్రికి డాక్టరెందుకురా, పట్టకారు చాలదూ?" అంది పిన్ని.

మర్నాడే గ్రూపులో ప్రకటించింది, ఈసారి చుట్టాల డ్రాఫ్టు అని. ఆటలో చుట్టం ఉన్న ఆటగాళ్ళే బరిలో ఉంటారు. అన్నని పిలిస్తే తమ్ముణ్ణి వాళ్ళకే అట్టేపెడతారు. మేనమామని పిలిస్తే మేనల్లుడూ అంతే. షరతులు రెండు: టైపు కొడితే చెల్లదు, ఫోన్లో అందరూ వింటుండగా నోటితో వరస చెప్పి పిలవాలి. పెద్దవాణ్ణి పిలిచాకే చిన్నవాడు.

చెప్పినంత తేలిక కాదది. పాత రికార్డులన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. బ్రదర్ అని ఉంటుంది, అన్నో తమ్ముడో ఉండదు. అంకుల్ అని ఉంటుంది, మేనమామో బాబాయో ఉండదు. పిన్ని పుట్టిన తేదీలు తిరగేసింది. తల్లుల పుట్టింటి పేర్లు పట్టుకుంది. ఒక కవలల జంట దగ్గర రెండు సాయంత్రాలు ఆగిపోయింది. చివరికి ఏదో పాత ఇంటర్వ్యూలో ఒకడు తనే ముందు బయటికొచ్చానని గొప్పలు చెప్పుకున్నది దొరికింది. వాడే అన్న అని తేల్చాక గానీ అన్నం తినలేదు. బ్రదర్ అని వదిలేస్తే ఏం కొంప మునుగుతుంది అన్నాను. చుట్టాల డ్రాఫ్టని పేరు పెట్టి వరస తెలియదంటే నలుగురూ నవ్విపోతారంది. ఆ ఓపిక నాలో పావు వంతుంటే డిగ్రీ చేతికొచ్చేది.

ఆఖరికి ఒక్క జంట మిగిలింది. ఉన్నవాళ్ళల్లోకెల్లా మేటి పిచ్చర్ ఒకడు, బ్యాటు వెనక గొంతుక్కూర్చుని అతని బంతులు పట్టిన క్యాచర్ ఒకడు. రికార్డులో బ్రదర్-ఇన్-లా అని ఉంది. బావా, బావమరిదా? వెతగ్గా వెతగ్గా ఇద్దరూ అక్కచెల్లెళ్ళని చేసుకున్నారని తేలింది. పిన్ని గ్రూపులో అడిగింది: తోడల్లుడు చుట్టమా, కాదా?

గ్రూపు ఒక్కసారిగా లేచి కూర్చుంది. పెళ్ళాలు అక్కచెల్లెళ్ళు గానీ మగాళ్ళు ఎవరికి ఎవరు, తోడల్లుడు చుట్టమెలా అవుతాడు అని లిఫ్టన్న రాశాడు. ఇన్నాళ్ళకి ఆ మనిషి ఒక్క నిజం చెప్పాడు అని టైల్సు ఎవరితోనో అన్నట్టుగా రాశాడు. మిగతావాళ్ళు నవ్వు బొమ్మలు గుమ్మరించారు. పిన్ని తీర్పు చెప్పలేదు. పిలిచేవాడు ఏ వరస చెప్తే అదే చెల్లుతుంది, చుట్టం కాదంటే ఆ రెండోవాడు తరవాతి వంతుకి పోతాడు అని మాత్రం రాసింది.

మొదటి వంతు లిఫ్టన్నది. రెండోది టైల్సుది. ఆ పిచ్చర్ని వదులుకోవడం లిఫ్టన్న వల్ల కాదు. లిఫ్టన్న అన్న మాట మీద నిలబడితే క్యాచర్ తన ఒళ్ళో పడతాడని టైల్సు ఆశ. డ్రాఫ్టుకి మాత్రం వస్తాం, ఉండేదీ మానేదీ తరవాత చెప్తాం అన్నారు ఇద్దరూ.

ఆదివారం మధ్యాహ్నం, ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్, పక్కన స్పీకర్లో ఫోను. పది మందీ లైన్లో ఉన్నారు, మూడో వంతు వచ్చిన బేకరీ బాబాయితో సహా. ఎవరింట్లోనో కుక్కర్ కూత పెడుతోంది. లిఫ్టన్న పిచ్చర్ పేరు చెప్పాడు.

"వరస?" అంది పిన్ని.

ఆ క్యాచర్ లేనిదే ఆ పిచ్చర్ సగం మనిషి, ఆ సంగతి ప్రోగ్రాముకి తెలుసు, లిఫ్టన్నకీ తెలుసు. వంతు గడువు జారిపోతోంది. పిన్ని తొందరపెట్టలేదు, సాయం కూడా చెయ్యలేదు. వెనకనించి ఆయన భార్య గొంతు వినిపించింది: "చెప్పండి, నోరేం అరిగిపోదు."

"తోడల్లుడు" అన్నాడు లిఫ్టన్న.

"చుట్టమేనా?"

"ఆఁ, చుట్టమే."

"అక్కా, లైను సరిగ్గా లేదు" అన్నాడు టైల్సు. "ఇంకోసారి చెప్పమనండి."

లిఫ్టన్న ఫోను కట్ చేస్తాడనుకున్నాను. పిన్ని వేళ్ళు బల్ల అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"చుట్టమేనయ్యా బాబూ" అన్నాడు లిఫ్టన్న. "నీకు వినపడాలనే చెప్తున్నా. తోడల్లుడు చుట్టమే. చాలా?"

వాళ్ళిద్దరి మధ్య ఇన్నాళ్ళకి నేరుగా పడిన మొదటి మాట అది. లైన్లో ఎవరూ నవ్వలేదు.

"చాలు అన్నయ్యా" అన్నాడు టైల్సు.

పిన్ని కౌంటర్లో మాట్లాడే గొంతుతోనే "తరవాత టైల్సు, ఆ తరవాత బేకరీ బాబాయి" అంది. టైల్సు ఒక అన్నని పిలిచి, తమ్ముణ్ణి తనకే ఉంచమన్నాడు. డ్రాఫ్టు సాయంత్రం దాకా నడిచింది. మానేస్తానన్న మాట వాళ్ళెవరూ ఎత్తలేదు, పిన్నీ ఎత్తలేదు.

అందరూ పెట్టేశాక అడిగాను, మొదటి రెండు వంతులూ వీళ్ళవేనని నీకు ముందే తెలుసు కదా, ఆ జంటని కావాలనే తవ్వి తీశావు కదా అని. పిన్ని ఫోను ఛార్జింగుకి పెడుతూ, అడుగు జట్టుకి ముందు వంతన్నది పాత రూలేరా, నేను వరస చెప్పమన్నానంతే అంది. కాదని మాత్రం అనలేదు. మనుషుల్ని కలపడానికి హితబోధలు చేసేవాళ్ళని బోలెడుమందిని చూశాను. నోరు మూసుకుని, ఎవరు ఎవరి పక్కన పడాలో చూసి పక్కకి జరిగిన మనిషిని ఈవిడనే చూశాను.

సీజను మొదలైన వారంలోనే ప్రోగ్రాము ఆ క్యాచర్ మోకాలు విరగ్గొట్టింది. ఆ పూట నేను టిఫిను డబ్బా ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళాను. పిన్ని ఫోను నా వైపు తిప్పింది. నా దగ్గర అదనంగా ఒక క్యాచర్ ఉన్నాడు, కావాలంటే తీసుకో అన్నయ్యా, బదులేమీ వద్దు అని టైల్సు రాశాడు. దాని కింద లిఫ్టన్న జవాబు: "ముందు వాడి మోకాళ్ళు ఎలా ఉన్నాయో చెప్పు."

పిన్ని ఫోను బోర్లా పెట్టింది. చెంప పట్టుకుని ఉన్న ముసలాయన వైపు చూసి, "మీ ముందు ఒక్కరే ఉన్నారండీ, ఆ తరవాత మీరే" అంది. నవ్వు ఆపుకోవడం వల్ల ఆ మాట కాస్త వణికింది.