పంక్చరు షాపులో పరమశూన్యం

పెళ్లికాని వయసులో తెలిసిందల్లా ఎవరికో ఒకరికి చెప్పెయ్యాలనే దురద ఉంటుంది చూడండి, నాకది ఒళ్లంతా ఉండేది. అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు పాఠాలకు కొత్తగా కుదిరాను. అందరూ జేబులో పెన్ను పెట్టుకుంటే నేను థర్మామీటరు పెట్టుకునేవాణ్ణి (పెన్ను పిల్లల్నే అడిగేవాణ్ణి). ఆ వేషంలోనే నడివేసవిలో అమ్మను వెంటబెట్టుకుని కొత్తచెరువుకు పెళ్లిచూపులకు వెళ్లాను. అమ్మాయి వాళ్ల నాయనది రోడ్డుపక్క పంక్చరు షాపు, దాని వెనకే ఇల్లు. అమ్మాయి కాఫీ ఇచ్చి వాకిట్లో నిలబడింది. చూడగానే నచ్చింది. అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది.

"ఏమి ఎండలప్పా!" అన్నాడాయన.

"మామూలు లెక్కలో నలభై రెండే మామా. అసలు లెక్కలో మూడువందల పదిహేను" అన్నాను (అప్పటికే మామను చేసేసుకున్నాను).

"మూడువందలా? మనం ఉడికిపోయి ఉండల్ల కదప్పా!"

"ఆ లెక్క మంచుగడ్డ దగ్గర మొదలవదు. అక్కణ్ణుంచి ఇంకా రెండువందల డెబ్భైమూడు డిగ్రీల కింద, అంతకు మించి చల్లబడడానికి వీల్లేని చోట మొదలవుతుంది."

"ఆడికి పోయి చూసొచ్చినోడెవడు?"

ఎవరూ పోనక్కర్లేదని, చల్లబడేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుందని, అది సున్నా అయ్యే చోటే అసలు సున్నా అని చెప్పి, చూపిస్తానని లేచాను. ఒకే టైరును ముందు నీళ్లతొట్టిలో ముంచి, తర్వాత ఎండలో పెట్టి (దానిమీద వాలిన ఈగ అక్కడికక్కడే వేగిపోయింది, నమ్మితే నమ్మండి), రెండుసార్లూ నా థర్మామీటరుతో వేడి, షాపు గేజీతో గాలి ఒత్తిడి కొలిచి, గోడమీద సుద్దతో గీత గీసి కిందికి పొడిగించాను. గీత మంచుగడ్డకు నూట డెబ్భై డిగ్రీల కిందే సున్నాకు తగిలింది!

"మిగతా నూరు డిగ్రీలు యాడబోయినాయి సార్?" అన్నాడు. మామ నోట 'అప్పా' పోయి 'సార్' వచ్చిందంటే సంబంధం జారుతోందన్నమాట. అమ్మ నావైపు చూసిన చూపుకు ఎండే చల్లగా అనిపించింది. మళ్లీ గీశాను. అదే గీత. ఏమీ అర్థం కాలేదు.

వాకిట్లోంచి అమ్మాయి అడిగింది: "నాయనా, గాలి పోయిన టైరుకు గేజీ పెడితే ఎంత చూపిస్తాది?"

"సున్నా."

"అంటే లోపల ఏమీ లేదనా? బయటుండే గాలే లోపలా ఉంటాది కదా. గేజీ దాన్ని లెక్కపెట్టదు. అదీ కలపమను."

కలిపాను. గీత బుద్ధిగా నేను చెప్పిన చోటికి దగ్గరదాకా దిగింది. ఆయన గోడనూ నన్నూ మార్చిమార్చి చూసి, "నాకేమీ తెలీలేదు గానీ, పిల్లోడు నచ్చినాడా మా?" అన్నాడు.

"నచ్చినాడు నాయనా. తప్పు చూపిస్తే మొగం మాడ్చుకోలేదు."

మాడ్చుకోవడానికి నాకు విషయం అర్థమైతే కదా! సుద్దముక్క పట్టుకుని నోరు తెరిచి నిలబడిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తాడు. తెలివిగా నోరు మూసుకుని ఉంటే, పాపం, కాఫీ తాగి బస్సెక్కి వచ్చేసేవాడు.