టీవీ పచ్చ, చేని పచ్చ

మా ఇంట్లో కొత్త టీవీ గోడకెక్కిన కొద్ది రోజులకే మా మావయ్యగారికి తన చేను నచ్చడం మానేసింది.

అంతకు ముందు ఆయన సేద్యం గురించి ఒక మాట చెప్పాలి. మాది కొత్తపేట దగ్గర ఊరు. మావయ్యగారు గట్టు మీద నిలబడి ఒక్కసారి చూశారంటే ఆ చేనికి ఏం కావాలో చెప్పేవారు. నీరు ఎక్కువైందనీ, పురుగు మొదలైందనీ, ఇక ఎరువు ఆపమనీ. పక్క చేలవాళ్ళు కూడా పిలుచుకుపోయి చూపించుకునేవారు. ఆయనకి చదువు పెద్దగా లేదు. ఉన్నదల్లా ఆ చూపే. దాని మీద ఆయనకి ఎంత నమ్మకమంటే, ఊరికి వచ్చే వ్యవసాయ సహాయకురాలు ఏదైనా చెబితే "ఆయ్, నేనూ అదే అనుకున్నాను" అని ఆమెకే మార్కులు వేసేవారు.

మా పాత టీవీ వెనకాల పొట్ట ఉన్న రకం. చివరి రోజుల్లో దానిలో ఆకాశం, గేదె, కథానాయిక అందరూ ఒకటే రంగులో ఉండేవారు. మాకు అది అలవాటైపోయింది. అది పూర్తిగా కన్ను మూశాక మా వారు అమలాపురం నుంచి పల్చటి పెద్ద టీవీ తెచ్చారు. కొట్టువాళ్ళు వచ్చి గోడకి బిగించి, ఆన్ చేసి వెళ్ళిపోయారు. ఆ రంగులు చూసి అత్తయ్యగారు "ఎంత కళగా ఉందో" అన్నారు. కళగా ఉన్న మాట నిజమే. కుంకుమ నిప్పులా మండుతోంది. పట్టుచీరలు కళ్ళలోకి గుచ్చుకుంటున్నాయి. ఇక పచ్చ రంగు సంగతి చెప్పక్కర్లేదు, చిలక కూడా సిగ్గుపడేలా ఉంది.

మావయ్యగారు రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో కూర్చుని వ్యవసాయం కార్యక్రమం చూస్తారు. ఆ టీవీలో ఎక్కడెక్కడివో చేలు కనబడ్డాయి. అప్పుడే రంగు వేసి, ఇంకా ఆరనట్టున్నాయి. ఆయన అది చూసి, గ్లాసు కింద పెట్టి, నేరుగా మా చేనికి వెళ్ళేవారు. టీవీలో చూసిన కళ్ళతోనే గట్టు మీద నిలబడేవారు. తిరిగి వచ్చి అరుగు మీద కూలబడేవారు.

ఒకరోజు నాతో అన్నారు. "మన చేను పాలిపోయిందమ్మాయ్."

"బాగానే ఉందండి మావయ్యగారూ. నిన్న నేనూ చూసేను."

"నువ్వు చూసేవు సరే. నేనూ ఇన్నాళ్ళూ బాగానే ఉందనుకున్నాను. అదే కదా నా బాధ. ఎదటివాళ్ళ చేలు చూస్తే తెలుస్తోంది. నాకు చూపు తప్పిపోయిందమ్మా."

రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషను అయింది ఆయనకి. సూదిలో దారం ఎక్కిస్తారు. ఆయన అన్నది ఆ చూపు గురించి కాదని నాకు తెలుసు.

దాళ్వా వరి, అంటే మా రెండో పంట, అప్పటికి పొట్ట మీద ఉంది, కంకి బయటికి రావడమే తరువాయి. వెయ్యవలసిన యూరియా మూడు దఫాలూ వేసేశారు. ఇక వెయ్యకూడదు. ఆ సమయంలో ఇంకా వేస్తే ఆకు మెత్తబడి సుడిదోమ వచ్చి పడుతుంది, చేను గుండ్రంగా మచ్చలు మచ్చలుగా మాడిపోతుంది. కిందటేడు పక్క చేను అలాగే పోయింది. వెయ్యొద్దని ఆ ఆసామికి గట్టు మీద నిలబడి చెప్పింది మావయ్యగారే. ఇప్పుడు ఆయనే ఆకు పచ్చదనం కోసం యూరియా బస్తాలు తెప్పించి అరుగు మీద పెట్టించారు. చల్లేవాడికి శుక్రవారం రమ్మని కబురు చేశారు.

మా వారితో చెబితే, "మా నాన్నకి నేను చెప్పడవేంటి? నువ్వు చెప్పు. లైబ్రరీలో సగం నువ్వే చదివేసేవు కదా" అన్నారు. ఆయనది రావులపాలెంలో ఉద్యోగం. చెప్పేసి బండెక్కి వెళ్ళిపోయారు.

వెటకారమే అయినా ఆ మాటలో కొంత నిజముంది. నా చదువు ఇంటరుతో ఆగింది. ఆ తరవాత చదువుకున్నదంతా మా శాఖా గ్రంథాలయంలోనే. తేనెటీగల పెంపకం నుంచి గ్రహణాల దాకా ఏ పుస్తకం దొరికితే అది మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా ముందు గ్రంథాలయానికే వెళతాను. ఈసారీ అదే చేశాను. టీవీల మరమ్మతు గురించి అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. రెండు మధ్యాహ్నాలు కూర్చుని పూర్తి చేశాను. గాజు గొట్టం లోపల ఎరుపు, పచ్చ, నీలం రంగులకి మూడు తుపాకులుంటాయట. వాటి గురి తప్పితే రంగులు చెడతాయట. ఎంతో బాగా రాశారు. ఇంటికి వచ్చి మా టీవీ వెనక్కి తొంగి చూస్తే, అక్కడ తుపాకులు కాదు కదా, చీమ దూరే చోటు కూడా లేదు. నేను నేర్చుకున్న విద్యంతా గతించిన టీవీకి సంబంధించినది.

పనికొచ్చింది వేరే పుస్తకం, ఫొటోలు తియ్యడం గురించి ఎప్పుడో చదివినది. కన్ను దేన్నీ విడిగా కొలవదనీ, అంతకు ముందు చూసినదానితో పోల్చి కొలుస్తుందనీ అందులో ఉంది. ఆ మాట తలుచుకోగానే నాకు విషయం అర్థమైంది. జబ్బు చేనికి కాదు, టీవీకి. దాని రంగు సరిచేస్తే మావయ్యగారి మనసు సరవుతుంది.

రిమోట్ తీసుకుని సెట్టింగులలోకి వెళ్ళాను. పిక్చర్ మోడ్ అనే చోట 'వివిడ్' అని ఉంది. కొట్టులో పక్క టీవీల కంటే తన టీవీ మెరవాలని పెట్టుకునే రంగు అది. దాన్ని 'స్టాండర్డ్'కి మార్చాను. కలర్ కొంత తగ్గించాను. బొమ్మ ఒక్కసారి స్నానం చేసి వచ్చినట్టు నెమ్మదించింది. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

మర్నాడు పొద్దున్న మావయ్యగారు కాఫీ గ్లాసుతో కూర్చున్నారు. కార్యక్రమం మొదలైంది. ఆయన ముందుకి వంగి చూశారు.

"టీవీలో చేలకీ యూరియా తక్కువైందేంటమ్మాయ్?"

"ఆ చేల రంగు అదేనండి. ఇన్నాళ్ళూ టీవీ ఎక్కువ చేసి చూపించింది. నిన్న నేను సరిచేసేను."

"సరిచెయ్యడవేంటి? కొట్టువాళ్ళు ఇచ్చినప్పుడు ఎలా ఉందో అదే కదా అసలు రంగు?"

నేను కన్ను పోల్చి కొలుస్తుందన్న సంగతి వివరంగా చెప్పాను. "అందరి కంటికీ ఆ లోపం ఉంటుందండి" అని కూడా అన్నాను.

"బోలెడు ఖర్చు పెట్టి కళ్ళకి ఆపరేషను చేయించి, ఇప్పుడు లోపం ఉందంటావేంటమ్మా?" అన్నారాయన.

సాయంత్రం అత్తయ్యగారి సీరియల్ వచ్చింది. అందులో ఎవరిదో సీమంతం. అత్తయ్యగారు కాసేపు చూసి, "ఇదేం సీమంతమే, అందరూ పరామర్శకి వచ్చినట్టున్నారు" అన్నారు. ఇంటిల్లిపాదిలో సహజమైన రంగు నాకొక్కదానికే నచ్చింది.

మావయ్యగారు నాతో చెప్పకుండా టీవీ బాగుచేసే అతనికి ఫోన్ చేశారు. అతను వచ్చి, రిమోట్ అటూ ఇటూ నొక్కి, అంతా మొదట్లో ఉన్నట్టు చేసేశాడు.

"టీవీకేం కాలేదండి. ఎవరో కెలికేరు" అన్నాడు.

ముగ్గురూ నా వైపు చూశారు. నేను అతనికి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళాను.

గురువారం వచ్చేసింది. తెల్లారితే చల్లేవాడు వస్తాడు. వాదించి ప్రయోజనం లేదని తేలిపోయింది. మావయ్యగారు టీవీని నమ్ముతున్నారు కాబట్టి టీవీ చేతే చెప్పించాలనుకున్నాను. పొద్దున్నే ఫోన్ పట్టుకుని మా చేనికి వెళ్ళాను. మంచు విడిచి అప్పుడే ఎండ పడుతోంది. ఆ కార్యక్రమంలో తీసినట్టే ముందు దూరం నుంచి, తరవాత దగ్గర నుంచి, ఆ తరవాత గట్టు వెంబడి నడుస్తూ వీడియో తీశాను. ఇది మన చేనే, టీవీలో చూడండి, ఏ చేనైనా ఈ టీవీలో ఇలాగే ఉంటుంది అని చూపించడం నా ఆలోచన. అందులో దాపరికమేమీ లేదు.

ఇంటికి వచ్చి ఫోన్‌లోది టీవీ మీద పెట్టి, సరిగ్గా వస్తోందో లేదో చూసుకుంటున్నాను. మావయ్యగారు రానే వచ్చారు. కార్యక్రమం మొదలైపోయిందనుకున్నారు. నేను నోరు తెరిచేలోపే కుర్చీ ముందుకి లాక్కున్నారు.

"అదీ. చూడమ్మాయ్. సేద్యం అంటే అదీ."

నేను నోరు మూసుకున్నాను.

"ఆ పిలకలు చూడు. ఆ ఆకు చూడు, కత్తిలా ఎలా నిలబడిందో. ఆలమూరు వైపు అయ్యుంటుంది. అక్కడి నేల వేరు. గోదారి పక్కన కదా."

"అయ్యుండొచ్చండి" అన్నాను.

"నేలొక్కటే ఉంటే సరిపోదులే. ఆ రైతు ఎవరోగానీ ఎప్పుడు ఏది వెయ్యాలో తెలిసినవాడు. గట్టు చూడు, ఎంత శుభ్రంగా చెక్కేడో. మనకేదీ ఆ ఓపిక?" కాఫీ తాగడం కూడా మరిచిపోయారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయేమోనని నాకు భయం వేసింది. ఇక చెప్పెయ్యాలి అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా వీడియోలో పిట్టలు వాలకుండా పెట్టిన దిష్టిబొమ్మ వచ్చింది. నీలం చొక్కా ధగధగా మెరిసిపోతోంది. "దిష్టిబొమ్మకి కూడా కొత్త చొక్కా తొడిగేడు. కలిగినవాడే" అన్నారు.

వంటింట్లోంచి అప్పుడే వచ్చిన అత్తయ్యగారు గుమ్మంలో ఆగి టీవీ చూశారు.

"కొత్తదేవిటండీ? మీ చొక్కా అది."

"నా చొక్కా ఆలమూరెందుకు వెళుతుందే?"

"ఆలమూరు వెళ్ళడవేంటి? మోచెయ్యి చిరిగిందని నేను మసిగుడ్డకి తీస్తే, మీరు లాక్కుపోయి మన చేలో బొమ్మకి తొడగలేదూ? అదిగో, జేబు మీద నేను వేసిన మాసిక. తెల్ల దారంతో వేసేనని ఆరోజు నన్ను తిట్టేరు కూడా."

మావయ్యగారు మాసిక కేసి చూశారు. తరవాత గట్టు కేసి చూశారు. తన చేత్తో తనే చెక్కుకున్న గట్టు. నా చేతిలో ఉన్న ఫోన్ కేసి చూశారు. నేను లేచి నిలబడ్డాను.

"మావయ్యగారూ, మీకు చెప్పేలోపే మీరు..."

"మళ్ళీ పెట్టు."

పెట్టాను. ఈసారి తెరకి దగ్గరగా వెళ్ళి మొదటినుంచి చివరిదాకా చూశారు. అత్తయ్యగారికి నవ్వాగడం లేదు. "అంత ఓపికున్న రైతు మనింట్లోనే ఉన్నాడన్నమాట" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన వినిపించుకోలేదు. వీడియో అవగానే చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

కోపం వచ్చిందేమోనని నేను వాకిట్లోనే తచ్చాడాను. చాలాసేపటికి వచ్చారు. చేతిలో నాలుగు వరి ఆకులున్నాయి. నేరుగా టీవీ దగ్గరికి వెళ్ళి, "మన చేను మళ్ళీ పెట్టి, కదలకుండా ఆపు" అన్నారు. ఆపాను. ఒక ఆకుని తెర మీద ఆనించి పట్టుకున్నారు. పక్కపక్కన పెడితే తేడా ఎవరికైనా తెలుస్తుంది. ఆకు ఆకులా ఉంది. టీవీలోది ప్లాస్టిక్ దండలా ఉంది.

"మొన్న నువ్వు రంగు తగ్గించేవు చూడు. ఎలా తగ్గించేవు?"

నేను రిమోట్ తెచ్చాను. ఆయన ఆకు పట్టుకుని, "తగ్గించు. ఇంకా. ఆగు. కొంచెం పసుపు పోవాలి. అబ్బే, ఎక్కువైపోయింది. వెనక్కి రా" అని చెబుతుంటే నేను నొక్కుతూ పోయాను. పుస్తకాల్లో చదివింది ఆయనకి చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అత్తయ్యగారు కళ్ళతోనే వద్దన్నారు. చెప్పకుండా మింగడం నాకు ఎంత కష్టమో ఆవిడకి తెలుసు. చివరికి ఒకచోట ఆకు ఎక్కడ మొదలైందో, బొమ్మ ఎక్కడ ఆగిందో కనిపించడం మానేసింది. నేను మొదటి రోజు పెట్టిన చోటికి ఒక గడి అటుగా ఉంది. ఆ ఒక్క గడీ ఆయనదే సరైనదని నాకు అనిపించింది.

"సాయంత్రం సీరియల్‌కి నా రంగులు నాకు పెట్టాలి మరి" అన్నారు అత్తయ్యగారు.

"అలాగేనండి" అన్నాను. అప్పటినుంచీ మా ఇంట్లో రోజుకి రెండుసార్లు రంగు మార్చే డ్యూటీ నాదే.

మావయ్యగారు అరుగు మీదికి వెళ్ళి బస్తాల పక్కన కూర్చుని ఫోన్ తీశారు. చల్లేవాడితో మాట్లాడటం లోపలికి వినబడుతోంది.

"ఏవోయ్, రేపు రావొద్దు. ఆయ్, వద్దు. వెయ్యక్కర్లేదు." కాసేపు అవతలి మాట విన్నారు. తరవాత గొంతు పెంచారు. "ఎవరు చెప్పేరంటావేంటయ్యా? ఒకళ్ళు చెప్పాలా నాకు? నలభై యేళ్ళుగా సేద్యం చేస్తున్నాను. ఆకు చూస్తే నాకు తెలీదూ?"