లాకుల దగ్గర మీసం పందెం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఊళ్ళో ఎటు చూసినా గుడారాలే, గుమాస్తాలే. ఇళ్ళ అద్దెలు పెరిగాయి, హోటళ్ళలో ఇడ్లీలు చిక్కిపోయాయి. నాకు జరిగిన మేలల్లా లైబ్రరీకి కొత్త పత్రికలు రావడమే. బడి మధ్యలో మానేసినవాణ్ణి కాబట్టి నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మెకానిక్కుల పత్రిక ఒకటి మెట్టపొలం దున్నినట్టు దున్నాను. అందులో ఒక దొర నీటి ఒడ్డున నిలబడి, చేతిలోని పెట్టె మీద మీట నొక్కుతూ దూరంగా ఉన్న బొమ్మ పడవను తిప్పుతున్నాడు. తాడు లేదు, దారం లేదు. అంతా రేడియో మహిమ.

అప్పటికి నేను చూసిన పడవ తుంగభద్ర దాటించే పుట్టి ఒక్కటే. అది గుండ్రంగా ఉంటుంది, ఎటు పోవాలో దానికే తెలియదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బాల్సా అనే తేలిక కట్టె కావాలని పత్రికలో రాశారు. ఓర్వకల్లు దారిలో పొలం గట్ల మీద కిత్తనార చెట్ల నడుమ నిలువెత్తు కాండాలు లేస్తాయి. ఎండితే దూది మోసినట్టే ఉంటాయి. రెండు కాండాలు నరుక్కొచ్చి, జిగురుతో అతికించి, పడవ ఆకారానికి చెక్కి తారు పూశాను. మద్రాసు పాతసామాన్ల బజారు నుంచి చిన్న మోటారు, తీగచుట్ట తెప్పించాను.

రేడియో కిటుకు లైబ్రరీలోనే మరో పాత పుస్తకంలో దొరికింది. మీట నొక్కితే పెట్టెలో నిప్పురవ్వ ఎగురుతుంది. దాని తరంగం పడవలోని గాజు గొట్టానికి తగలగానే, అందులోని ఇనుప రజను కరెంటును పోనిస్తుంది. అప్పుడు చుక్కాని ఒక మెట్టు కదులుతుంది. మొదటి నొక్కుకు కుడి, రెండోదానికి నేరు, మూడోదానికి ఎడమ, నాలుగోదానికి మళ్ళీ నేరు. వరుస తప్పడానికి వీల్లేదు.

ఇంట్లో మొదటిసారి మీట నొక్కినప్పుడు చుక్కాని కదిలింది. పక్క హోటల్లో వార్తలు చదువుతున్న రేడియో కూడా బర్రుమంది. ఆ వారమంతా హోటలాయన రేడియో మెకానిక్కును తిట్టాడు. నేను రోజూ అక్కడే కాఫీ తాగుతూ సానుభూతి చూపించాను.

మా అక్క మొగుడికి ఇదంతా నవ్వులాట. ఆయన దగ్గర యుద్ధకాలం నాటి మిలిటరీ మోటారు సైకిలు ఉండేది. తన్నగా తన్నగా ఎప్పుడో లేస్తుంది.

"ఏమప్పా, దారం లేకుండా పడవ తిప్పుతావా? మంత్రం గింత్రం నేర్చుకున్యావా యేమి?"

"మంత్రం కాదు బావా, సైన్సు. లైబ్రరీలో ఉండాది, నువ్వూ సదువుకోవచ్చు."

"సదివి యాడ ఉద్ధరించాల? పందెం కాయి. పడవను నువ్వు తిప్పి నీ కాళ్ళ కాడికి రప్పిస్తే నా మీసం సగం తీయిస్తా. లేకుంటే నీది."

పౌరుషం కొద్దీ సరే అనేశాను. ఆ తర్వాత గుర్తొచ్చింది, వచ్చే శుక్రవారం కడపలో నాకు పెళ్ళిచూపులని. సగం మీసంతో ఎవరు పిల్లనిస్తారు? మొత్తం గీయిస్తే మరీ ప్రమాదం. మా వైపు తండ్రి పోతేనే మీసం తీస్తారు. మా నాయన ఇంకా గుండ్రాయిలా ఉన్నాడు.

ఆదివారం కాలువ లాకుల దగ్గర నీళ్ళు నిలకడగా ఉన్న చోట పడవను వదిలాను. గుడారాల గుమాస్తాలు కొందరు గట్టు మీద చేరారు. మోటారు రొద చేస్తూ పడవ నడిమధ్యకు పోయింది. మీట నొక్కాను. కుడికి తిరిగింది. "ఓహో" అన్నారు జనం. మళ్ళీ నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. పెట్టెలో బ్యాటరీ చచ్చింది. పడవ కుడికే తిరుగుతూ గానుగెద్దులా చుట్లు కొడుతోంది.

బావ మీసం దువ్వుకున్నాడు. "సాలు సాలు. రా, బండి ఎక్కు. మంగలి కాడికి పోదాం."

బండిని ఒక్క తన్ను తన్నాడు. అది లేవలేదు. కానీ పడవ చుట్లు మాని నేరుగా అవతలి గట్టు వైపు నడిచింది.

అప్పుడు వెలిగింది నాకు. ఇంజన్లో ఎగిరేదీ నిప్పురవ్వే కదా!

"ఇంకోసారి తన్ను బావా. గట్టిగా!"

"అంత తొందరేమిరా మీసానికి?" అంటూ తన్నాడు. పడవ ఎడమకు తిరగసాగింది. దాని ముక్కు మా వైపు వచ్చేదాకా ఆగి, "ఇప్పుడు తన్ను!" అని అరిచాను. తన్నాడు. పడవ నేరుగా మా వైపు బయల్దేరింది. బావ మళ్ళీ కాలెత్తాడు.

"ఆగు! పెట్రోలు కారతాండాది!"

ఆయన వంగి ట్యాంకు కింద తడుముతుండగానే పడవ వచ్చి నా కాళ్ళ దగ్గర గట్టుకు ఆనింది. జనం చప్పట్లు కొట్టారు. బావ ముఖం మాడింది.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ గుమాస్తా ఒకాయన, "ఎట్లా తిప్పినారండీ?" అని మర్యాదగా అడిగాడు. నా చదువు గురించి నన్ను అంత మర్యాదగా అడిగినవాళ్ళు అంతవరకు లేరు. నిప్పురవ్వ, తరంగం, ఇనుప రజను, బావగారి బండి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను.

బావ చివరిదాకా విని, నా భుజం మీద చేయి వేశాడు. "అంటే తిప్పింది నేను. నువ్వు గాదు."

గుమాస్తాలందరూ ఆయన వైపే తీర్పు చెప్పారు. మంగలి సగం తీశాక, మిగతా సగం నేనే తీసేయమన్నాను.

శుక్రవారం కడపలో జట్కా దిగగానే పిల్ల తండ్రి నా ముఖం చూసి కండువాతో కళ్ళొత్తుకున్నాడు. "అయ్యో, నాయన ఎప్పుడు పోయినాడప్పా? మాకు కబురన్నా సెయ్యకపోతిరే!"

వెనక జట్కాలోంచి మా నాయన దిగుతూ, "ఇంకా పోలేదప్పా. ముందు కాళ్ళకు నీళ్ళియ్యి" అన్నాడు.

మాతో వచ్చిన బావను ఇక ఆపేవాళ్ళెవరు? చాప మీద కూర్చుని, బండిని ఎట్లా తన్నాడో కాలు ఊపి మరీ చూపిస్తూ కథంతా చెప్పాడు. ఇల్లంతా నవ్వుతోంది. నేను తల దించుకుని చాప అంచు పీకుతున్నాను. అప్పుడు తలుపు వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"నాలుగోసారి గూడా తన్నింటే, పడవ యాపక్క తిరుగుతాండె?"

"పాపా!" అని గద్దించాడు తండ్రి.

"కుడికి" అన్నాను. అప్పుడు గానీ తలెత్తి ఆమెను చూడలేదు.