బాపు ఫోనుకు వచ్చే నంబరు

మా వైపు గల్ఫ్ ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు పెట్టారో తెలియదు, అందరూ పాటిస్తారు. ఇంట్లో ఎంతమంది ఉన్నా అందరి ఆధార్‌కూ సంపాదించే మనిషి ఫోన్ నంబరే కలుపుతారు. ఆ మనిషి సౌదీలోనో దుబాయ్‌లోనో ఉంటాడు. సిమ్ము ఆయన జేబులోనే విమానం ఎక్కిపోతుంది. ఇక ఇక్కడ గ్యాస్ బండ కావాలన్నా, రేషన్ కార్డులో పేరు ఎక్కాలన్నా ఓటీపీ ముందు ఎడారిలో మోగుతుంది. ఆయన డ్యూటీ దిగి, స్నానం చేసి, ఫోన్ చూసి ఆ అంకెలు చెబితే ఇక్కడ పని జరుగుతుంది. మా ఇంట్లో ఆ నంబరు మా బాపుది. ఆయన సౌదీలో, అమ్మా నేనూ కోరుట్ల పక్కన మా ఊళ్లో. ఆ సిమ్ము నన్ను ఏం చేసిందో చెబుతాను. పాపం సిమ్ముకేం తెలుసు, బాపు ఏం చేశాడో చెబుతాను.

నేను ఇంటర్ బైపీసీ చదివిన రెండేళ్లూ ఆయన నన్ను ఫోన్లో కాపలా కాశాడు. కాపలా అన్నది నా మాట. ఆయన దాన్ని తోడు అనేవాడు. సాయంత్రం డ్యూటీ దిగగానే వీడియో కాల్ చేసేవాడు. నేను ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, దాని ముందు పుస్తకం తెరుచుకొని కూర్చోవాలి. ఆయన అక్కడ మంచం మీద కూర్చొని నన్ను చూస్తూ ఉండేవాడు. మాటలు ఉండవు. ఆయన వెనక రూములోని మనుషులు లుంగీలతో తిరుగుతుండేవారు, ఎవరో ఉల్లిగడ్డలు కోస్తుండేవారు. వాళ్లందరికీ నేను కనిపించేదాన్ని. ముక్కు గోక్కున్నా సౌదీలో తెలిసిపోయేది.

"పేజీ తిప్పుతలేవు," అనేవాడు ఉన్నట్టుండి. "ఎంతసేపటి సంది గదే పేజీ."

"బొమ్మ గీస్తున్న బాపు."

"ఏం బొమ్మ? ఫోన్ ముంగట వెట్టు."

కప్ప గుండె బొమ్మ పెట్టేదాన్ని. బడి మధ్యలో మానేసిన మనిషి దాన్ని కళ్లు చిట్లించి చూసి, తల పంకించి, "మంచిగున్నది, గీయి," అనేవాడు. ఆ గుండెకు ఎన్ని గదులున్నాయో ఆయనకు తెలియదు. తెలిసినట్టు మాత్రం చూసేవాడు.

అమ్మ పక్కనే గోడకు ఆనుకొని, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ ఉండేది. ఫోన్లో ఆమె మోకాలు, చాట అంచు మాత్రమే కనిపించేవి. బాపు ఆమెతో మాట్లాడింది తక్కువ. "అన్నం వెట్టినవా పిల్లకు?" అంటే "పెట్టిన," అనేది. అంతే.

వాడకట్టు ఆడవాళ్లు నన్ను చూసి కుళ్లుకునేవారు. వాళ్ల ఇళ్లలో మగవాళ్లు నెలకోసారి ఫోన్ చేస్తే గొప్ప. "మీ బాపు బంగారమే పిల్లా, గంత దూరం నుంచి పక్కన కూసున్నట్టే కూసుంటడు," అనేవారు. నిజమే. రోజంతా ఎండలో ఇనుప చువ్వలు మోసి వచ్చిన మనిషి, నడుం వాల్చకుండా, కూతురు కప్ప బొమ్మ గీస్తుంటే చూస్తూ కూర్చోవడం చిన్న విషయమా? అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు సందు లేకుండా పోయింది. నన్ను అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తీసింది అదే.

ఆయన రూములో అందరికీ చెప్పుకున్నాడు, బిడ్డ డాక్టర్ అయితదని. నేను చెప్పలేదు, మా లెక్చరర్లు చెప్పలేదు. రూములో చెప్పుకున్న మాట లేబర్ క్యాంపంతా పాకింది. ఒకాయన నాతో ఫోన్లోనే తన మోకాలి నొప్పి గురించి అడిగాడు కూడా.

నీట్ ఫలితాల రోజు మధ్యాహ్నం నుంచే కాల్ పెట్టి ఉంచాడు. లడ్డూల డబ్బా తెచ్చి మంచం మీద పెట్టాడు. రూములోని వాళ్లు ఆయన వెనక వరసగా కూర్చున్నారు, పెళ్లి ఫోటోకు కూర్చున్నట్టు. నేను పక్కింటి వాళ్ల ఫోన్లో మార్కులు చూశాను. మళ్లీ చూశాను. ఎన్నిసార్లు చూస్తే మాత్రం అవి పెరుగుతాయా?

"ఎన్ని?" అన్నాడు బాపు.

చెప్పాను.

"అంటే ఏంది? సీటు అస్తదా, రాదా?"

"రాదు బాపు."

వెనక ఒకాయన అప్పటికే ఒక లడ్డూ కొరికాడు. మిగతా సగం ఏం చేయాలో తెలియక చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి తప్పుకున్నారు. బాపు నన్ను తిట్టలేదు. డబ్బా మూత పెట్టి, కాల్ కట్ చేశాడు. తిట్టి ఉంటే బాగుండేదని అప్పుడు అనుకోలేదు, బతికిపోయాననుకున్నాను. ముందుంది ముసళ్ల పండగ అని నాకేం తెలుసు?

మరుసటి సాయంత్రం అదే వేళకు కాల్ వచ్చింది. అలవాటు కొద్దీ ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, పుస్తకం కోసం చెయ్యి చాపాను.

"పుస్తకం తియ్యకు," అన్నాడు. "మీ అమ్మ చాట ఉన్నది గదా, గది నీ ముంగట వెట్టుకో."

వేళాకోళం చేస్తున్నాడనుకొని నవ్వాను.

"నవ్వకు. ఇన్నొద్దులు సదువు సూసిన. ఇగ గిది సూస్త."

అమ్మ వంక చూశాను. అమ్మ తన ఒళ్లోని చాట నా ఒళ్లోకి జరిపింది. కత్తెర కూడా ఇచ్చింది.

ఆ రోజు నుంచి నేను ఫోన్ ముందు బీడీలు చుట్టాను. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. చూసినంత తేలిక కాదు. నావి వదులుగా వచ్చేవి, తంబాకు రాలిపోయేది. బాపు అక్కడి నుంచి దిద్దేవాడు. వాళ్లమ్మ జీవితమంతా బీడీలు చుట్టింది కాబట్టి కప్ప గుండె కంటే ఇది ఆయనకు బాగా తెలుసు.

"వేలు గట్ల గాదు. మా అవ్వ కండ్లు మూసుకొని సుట్టేది. నీకు కండ్లున్నా అస్తలేదు."

రూములో వాళ్లు మళ్లీ వెనక తిరగడం మొదలుపెట్టారు. మోకాలి నొప్పి ఆయన ఒకసారి తెరలోకి తొంగిచూసి, "డాక్టరమ్మ ఏం చేస్తాంది?" అన్నాడు. బాపు నవ్వాడు. నా మీద రెండేళ్లలో ఆయన నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, చచ్చేదాకా ఉంటుంది.

నాకు డాక్టర్ కావాలని ఎప్పుడూ లేదు. నాకు కావలసింది జగిత్యాలలో డిగ్రీ, అందులో మైక్రోబయాలజీ. ప్రాక్టికల్ రోజున ఒక్కసారి పెరుగు చుక్కను మైక్రోస్కోప్ కింద చూశాను, ఆ కదిలేవాటిని వదిలి రాబుద్ధి కాలేదు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు రావచ్చు. దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టాలి. పెట్టాలంటే ఆధార్‌కు కలిపిన నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు సౌదీలో ఉంది.

"బాపు, డిగ్రీకి వెయ్యాలె. నీ ఫోనుకు నంబరు అస్తది, చెప్తవా?" అని చాట మీద నుంచి తల ఎత్తకుండా అడిగాను.

"సూద్దాం," అన్నాడు.

వద్దు అంటే ఏడ్చి, కాళ్లా వేళ్లా పడి ఒప్పించవచ్చు. సూద్దాం అన్నవాణ్ని ఏం చేస్తాం? మొదటి విడత గడువు ఆ సూద్దాంలో పోయింది. నా తోటి అమ్మాయిలు జగిత్యాలకు బస్ పాసులు తీసుకున్నారు. రెండో విడతకు మళ్లీ అడిగాను. "ముందుగాల బీడీ సక్కగ సుట్టుడు నేర్వు," అన్నాడు. నిజంగానే నేర్చుకుంటే ఇస్తాడేమోనని, బుద్ధి తక్కువదాన్ని, కాల్ లేనప్పుడు కూడా కూర్చొని చుట్టాను. నా కట్టలు అమ్మ కట్టల పక్కన పెడితే తేడా తెలియనంతగా నేర్చుకున్నాను. రెండో విడతా పోయింది.

నంబరు మార్చుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అమ్మను అదే అడిగాను. కోరుట్ల పోయి ఆధార్‌లో ఆమె నంబరు పెట్టిద్దామన్నాను. అమ్మ దారం తెంపుతూ, "ఆయన బతికే ఉన్నడు గదా బిడ్డ," అంది. మా ఇళ్లలో మగవాడి నంబరు తీసేయడమంటే ఆ మనిషి పోయినట్టే. ఇక నేను ఆ మాట ఎత్తలేదు.

చివరి విడత చివరి రోజు శుక్రవారం పడింది, సౌదీలో సెలవు. అమ్మా నేనూ పొద్దున్నే కోరుట్లలో నెట్ సెంటర్‌కు పోయాము. దాన్ని నడిపే ముస్లిం అక్క, అందరూ ఆపా అంటారు, దరఖాస్తంతా నింపి, బాపుకు కాల్ కలపమంది. ఫోన్‌ను కంప్యూటర్ తెరకు ఆనించాను. ఆపా మీట నొక్కింది.

"అచ్చింది," అన్నాడు బాపు, తన రెండో ఫోన్ చూసుకొని.

ఆపా వేళ్లు కీబోర్డు మీద ఆగి ఉన్నాయి. నేను ఎదురు చూశాను. బాపు అంకెలు చెప్పలేదు.

"నేను సదువుకు పనికిరాను బాపు, బీడీలకే పనికస్త, అను," అన్నాడు. "గట్టిగ అను. అందరు ఇనాలె."

అందరూ అంటే రూమంతా. సెలవు రోజు కదా, ఒక్క మంచం ఖాళీ లేదు. ఇక్కడ నా వెనక కూడా జనం, పిల్లల కాగితాలు పట్టుకున్న తల్లిదండ్రులు. ఆపా, "జల్దీ చెప్పమనమ్మా, పది నిమిషాలే ఉంటది," అంది.

అమ్మ వంక చూశాను. ఒక్క మాట అంటుందని చూశాను. ఇయ్యి, అంటే చాలు. ఆమె నా పక్కనే స్టూల్ మీద కూర్చొని, గోళ్లలో ఇరుక్కున్న తంబాకును ఇంకో గోటితో తీసుకుంటోంది. అన్నీ వింది. తల ఎత్తలేదు.

అన్నాను. "ఇనవడలే," అన్నాడు. మళ్లీ అన్నాను, వెనకనున్న వాళ్లు కూడా వినేట్టు. అప్పుడు రూములో ఆ లడ్డూ కొరికిన మనిషి, "ఇయ్యరాదే అన్నా, పిల్ల ఏడ్వబట్టె," అన్నాడు. పేరు కూడా తెలియనివాడు, వాడికి జాలి కలిగింది. బాపు ఒక్కో అంకె ఒత్తి ఒత్తి చెప్పాడు.

జగిత్యాలలో మైక్రోబయాలజీ సీట్లు ఎప్పుడో నిండిపోయాయి. సిరిసిల్లలో బీకామ్ వచ్చింది. పెరుగు చుక్కలో కదిలేవాటిని చూడాలనుకున్న నేను అప్పులూ ఆస్తులూ ఎడమా కుడీ రాస్తూ మూడేళ్లు గడిపాను. ఒకటి మాత్రం దక్కింది. సిరిసిల్ల హాస్టల్లో బియ్యం డబ్బా లేదు, సాయంత్రాలు నన్నెవరూ చూడలేదు. అక్కడే ఉద్యోగం చూసుకున్నాను, అక్కడే ఉన్నాను. బాపు మాత్రం రూములో చెప్పుకునేవాడట, "నేను కూసోని సదివిస్తెనే డిగ్రీ అయ్యింది," అని.

నిరుడు ఆయన పూర్తిగా వచ్చేశాడు. షుగర్ ముదిరి కళ్లు మసకబారాయి. వచ్చిన కొన్నాళ్లకే తానే కోరుట్ల పోయి, తన ఆధార్‌కూ అమ్మ ఆధార్‌కూ నా నంబరు పెట్టించుకున్నాడు. ఆనవాయితీ కదా. ఇప్పుడు సంపాదించేది నేను.

మొన్న వాళ్లిద్దరూ కంటి ఆపరేషన్‌కు పేరు రాయించుకోవడానికి జగిత్యాల ఆసుపత్రికి పోయారు. నేను సిరిసిల్లలో ఆఫీసులో ఉన్నాను. అమ్మ వీడియో కాల్ చేసింది. తెరలో బాపు, కౌంటరు అంచు పట్టుకొని నిలబడి ఉన్నాడు. వెనక పెద్ద వరస.

"బిడ్డా, నీ ఫోనుకు నంబరు అచ్చిందా?" అన్నాడు.

వచ్చింది. చూశాను.

"అచ్చింది," అన్నాను.

ఆయన మొహంలో ఏదో కదిలింది. కళ్లు కనబడకపోయినా జ్ఞాపకం పోదు కదా. పెదవులు తడుపుకొని నిలబడ్డాడు, నేను ఏం అనమంటే అది అనడానికి సిద్ధమైనట్టు. నాకు అసహ్యమేసింది, ఆయన మీదో నా మీదో చెప్పలేను. నిజం చెబుతున్నాను, ఆయన చేత ఏమీ అనిపించాలని నాకు లేదు. మొదటి అంకె చెప్పడానికి నోరు తెరిచాను.

అప్పుడు ఫోన్ పట్టుకున్న చెయ్యి వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఇయ్యి బిడ్డా, పాపం. నిలవడలేకపోతుండు."

ఆ మాట అమ్మకు వచ్చన్నమాట. ఇన్నేళ్లూ రాదేమో అనుకున్నాను.

నోరు మూసుకున్నాను. అమ్మ మళ్లీ పిలిచింది, కౌంటరు దగ్గర ఎవరో కసురుకున్నారు, బాపు తల వంచుకున్నాడు. నేను ఫోన్‌ను టేబుల్ మీది డబ్బాకు ఆనించి, గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాను.

"ఇంకోటి పంపమను అమ్మా," అన్నాను చివరికి. "దీని టైం అయిపోయింది."