తనంతట తానే కప్పుకున్న కళ్లం

మా అక్క కూతురికి రెండో కాన్పు వినుకొండలో, అత్తవారింట్లోనే అయింది. ఆడపిల్ల. అక్క వెళ్లి చూడలేకపోయింది, కళ్లంలో మిరపకాయలు ఆరుతున్నాయి మరి. మబ్బు పడితే పరుగున వెళ్లి టార్పాలిన్ పట్టా కప్పాలి, ఎండ రాగానే తీసెయ్యాలి. తడిస్తే కాయకు బూజు పడుతుంది, ఎండలో కప్పి ఉంచితే ఉక్కకు రంగు వెలిసి తాలు అవుతుంది. బావకేమో జిన్నింగు మిల్లులో సీజను. అక్క రోజూ ఫోనులో పసిదాని ముఖం చూసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ ఆకాశం కేసి చూసేది.

నేను గుంటూరులో కంప్యూటరు పాఠాలు చెబుతాను. అక్కను అలా చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. పట్టా లాగడానికి మోటారు బిగించడం పెద్ద పనేం కాదు. ఎప్పుడు లాగాలో దానికే తెలియాలి, అదీ తంటా. నియమాలు నేను రాయలేదు. నిర్ణయాలు తీసుకునే బుర్రలను, అంటే ప్రోగ్రాములను, కంప్యూటరులో బోలెడు పుట్టించాను. పోయినేడు నా విద్యార్థుల ప్రాజెక్టు కోసం ఆ కళ్లంలోనే నేను నమోదు చేసిన గాలి, తేమ, వెలుతురు, చప్పుడు వాటి ముందు పెట్టాను. కాయ తడిపితే మార్కుల్లో కోత, తాలు చేసినా కోత. నెగ్గినవాటిని జతకలిపి, వాటి పిల్లల్లో చిన్నచిన్న మార్పులు చేసి, మళ్లీ పరీక్ష. మంచి చెట్టు కాయలు విత్తనానికి ఉంచుకోవడం మా ఇంట్లో అందరికీ తెలిసిందే. ఇక్కడ మాత్రం నేను టీ తాగి వచ్చేలోగా తరాలు మారిపోతున్నాయి. కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

చివరికి నెగ్గిన బుర్రను మోటారుకు తగిలించి తీసుకెళ్తే, అక్క పరీక్షకు ఒక్క రాశి మాత్రం ఇచ్చింది. మబ్బు పట్టిన ప్రతిసారీ చినుకుకు ముందే మోటారు పట్టా కప్పేసింది. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను.

ఒక ఆదివారం పక్క కళ్లాల వాళ్లంతా పెళ్లి భోజనానికి పోయారు. చినుకులు మొదలయ్యాయి. మోటారు ఉలకదు, పలకదు.

అక్కకు మండింది. "ఏమే, చూస్తావేం, పట్టా లాగు" అని నా మీద అరిచింది.

నేను కదిలేలోగా మోటారే లాగేసింది. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం.

తర్వాత రికార్డులు తిరగేస్తే సంగతి తెలిసింది. మా వైపు ఒక కళ్లంలో పట్టా లాగుతూ కేక వేస్తే, ఆ కేకకు అన్ని కళ్లాలూ లేస్తాయి. ఉరుముల కోసం నేను పెట్టిన మైకులో ఆ కేకలన్నీ పడ్డాయి. అన్ని తరాలు దాటి వచ్చిన ఆ బుర్ర, గాలినీ తేమనీ పక్కనపెట్టి, పొరుగువాళ్ల కేక వింటే చాలని కనిపెట్టేసింది. నేను నేర్పలేదే. కళ్లంలోనే కూలబడి పడీపడీ నవ్వాను. ఆ సంతోషం పట్టలేకపోయాను.

అక్క మాత్రం నవ్వలేదు. "పక్కోళ్ల కేకకి పరిగెత్తడానికి నేను చాలనా? కేకేసేవాళ్లు లేనిరోజు నా కాయ గతేంటి? దీన్ని నమ్ముకుని నేను వినుకొండ ఎట్టా పోనే?" అంది.

మైకు పీకేసి, తరాలను మొదటినుంచి నడిపించాను.

కొత్త బుర్ర పెట్టిన కొద్దిరోజులకు, అన్నాల వేళ, ఎండ కాస్తుండగానే మోటారు గిర్రుమంది. పట్టా రాశి మీదికి పాకింది.

"మిట్టమధ్యాహ్నం కప్పుతుందేందే? తాలు చేసుద్ది" అంటూ అక్క కంచం ముందు నుంచి లేచింది. ఇది తప్పయితే అక్క ఇక దాని వంక చూడదు.

పక్క కళ్లం రైతు మా పట్టా కదలడం చూసి, తలెత్తి పడమర చూశాడు. "ఒరేయ్, లాగండ్రా" అని కేకేశాడు. కళ్లాలన్నీ లేచాయి. మిగతా రాశుల మీద మేము పట్టాలు లాగుతుండగానే వాన దబదబా దిగింది.

వాన వెలిశాక అక్క మోటారు రాశి దగ్గరికి వెళ్లి, అంచు ఎత్తి చెయ్యి లోపల పెట్టింది. కాయలు గలగలమన్నాయి. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"మిగతా పట్టాలకి కూడా బిగించెయ్" అంది నాతో. తర్వాత కూతురికి ఫోను చేసింది. "ఎల్లుండి పొద్దున పసిదానికి నీళ్లు పొయ్యమాకండి. నేనొచ్చి పోస్తా."