ఒక్క గీత, పక్కన సంతకం

నా నోరు మంచిది కాదని వట్లూరులో మా కాలేజీ గేటు కాపలా మనిషికి కూడా తెలుసు. కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ప్రాక్టికల్ రికార్డులో ఒక్క కొట్టివేత కనిపించినా ఆ కాగితాన్ని పరపరా చింపి చేతిలో పెట్టేదాన్ని. "మళ్ళీ రాసుకురా" అనడమే తప్ప ఇంకో మాట లేదు. పిల్లలు ఏడిస్తే ఏడ్చేవారు. అదే క్రమశిక్షణ అనుకుని మురిసిపోయేదాన్ని, ఏం చెప్పను!

వీధికో నెట్ సెంటర్ వెలుస్తున్న రోజులవి. నా దగ్గర చదివిన ముస్లిం అమ్మాయి ఒకతె ఎమ్మెస్సీ పూర్తిచేసి ఏడాదిగా ఇంట్లోనే ఉంది. వాళ్ళ నాన్న ఏలూరు బజారులో దర్జీ. క్లాసులో దానికి సాటి లేదు. కానీ ఏ ఉద్యోగానికీ దరఖాస్తు పంపలేదు. బయోడేటా రాస్తుంది, బాగాలేదంటుంది, మళ్ళీ రాస్తుంది, ఈలోగా గడువు దాటిపోతుంది. అలా రెండు ఉద్యోగాలు చేజారాయి. మూడోది కలిదిండి దగ్గర చేపల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో. చిన్నప్పటి నుంచీ కొల్లేరు చూస్తూ పెరిగిన పిల్లకి ఆ పని అంటే ప్రాణం. దరఖాస్తు తాడేపల్లిగూడెం ఆఫీసులో ఇవ్వాలి. శుక్రవారం సాయంత్రం అయిదింటితో ఆఖరు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను కుట్టడానికిచ్చిన జాకెట్టు తీసుకుందామని వాళ్ళ కొట్టుకి వెళ్ళాను. వాళ్ళ నాన్న జుమ్మా నమాజుకి వెళ్ళి అప్పుడే వచ్చారు. అమ్మాయి బట్టలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా ఏడు ఫారాలు.

"పంపేశావా?" అన్నాను.

"లేదండీ మేడం. ఇవి జెరాక్సులండి, ప్రాక్టీసుకి నింపాను. అసలు ఫారం ఇదుగోండి." ముద్ర వేసిన అసలు ఫారం, ఒక్కటంటే ఒక్కటి, తెల్లగా ఖాళీగా ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ మొహం మండా! ఇంకా మూడు గంటలు కూడా లేవు. అక్షరాలకు ముగ్గులు పెడుతున్నావా?"

వాళ్ళ నాన్న మెల్లిగా అన్నారు: "నేనూ అదే చెబుతున్నానండీ మేడం గారూ. పండగ నాటికి చేతికందని చొక్కా ఎంత బాగా కుడితే ఏం లాభమండీ? వినదండి."

పక్కన కూర్చుని రాయించాను. డిగ్రీ పాసైన సంవత్సరం రాయాల్సిన గడిలో ఇంటర్ సంవత్సరం రాసేసింది. పెన్ను కింద పెట్టేసింది.

"అయిపోయిందండీ" అంది.

"ఏం అయిపోలేదు. ఒక్క గీత కొట్టు. పైన సరైనది రాయి, పక్కన సంతకం పెట్టు. అంతే కదే!"

అది తలెత్తి నా కళ్ళలోకి చూసింది. "కొట్టివేత ఉంటే మీరే కదండీ చింపేసేవారు?"

నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అడిగింది. ఫస్టియర్లో దాని రికార్డు మూడుసార్లు చింపింది నేనే. ఈ పిల్ల పోగొట్టుకున్న రెండు ఉద్యోగాల్లో నా చెయ్యి ఎంతుందో ఆ బల్ల దగ్గర తెలిసింది. సిగ్గేసింది.

"నేను చేసింది తప్పమ్మా" అన్నాను. ఒక విద్యార్థితో ఆ మాట అనడం అదే మొదలు. "తప్పు రాయడం తప్పు కాదు, దాచడం తప్పు. అది నేర్పాల్సింది పోయి చింపడం నేర్పాను. కొట్టు గీత."

కొట్టింది. సన్నటి గీత ఒకటి. పక్కన సంతకం.

ఫారం తీసుకుని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగేశాను, మళ్ళీ దాని చేతికిస్తే ఏం చేస్తుందో నాకు తెలుసు. బస్సెక్కాం. ఉంగుటూరు వచ్చేసరికి "ఒక్కసారి చూస్తానండీ మేడం, పిన్‌కోడ్ సరిగ్గా రాశానో లేదో" అంది. "చూశావంటే ఇక్కడే దింపేస్తా" అన్నాను. వెనక సీటు పెద్దాయన నవ్వాడు. అయిదింటికి పావుగంట ఉందనగా ఆఫీసులో ఇచ్చాం. గుమాస్తా ఆ గీత వంక కూడా చూడలేదు, ముద్ర గుద్ది లోపల పెట్టేశాడు. మా అమ్మాయి మాత్రం మెట్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఇల్లలకగానే పండగ కాదు కదా. ఇంటర్వ్యూలో చెరువు నీళ్ళిచ్చి కాఠిన్యం చూడమన్నారట. మందు చుక్కచుక్కగా వేస్తూ ఎర్రరంగు నీలంగా మారే చోట ఆపాలి. భయంలో నాలుగు చుక్కలు ఎక్కువ పడ్డాయి. ఒకప్పుడైతే కాగితం నలిపి బ్యాగులో దాచేసేదే. ఆ అంకె రాసి, ఒక్క గీత కొట్టి, సంతకం పెట్టి, మళ్ళీ చేసిందట. ల్యాబ్ పెద్దాయన అది చూసి, "తప్పు కనబడేలా ఉంచింది నువ్వొక్కదానివేనమ్మా" అన్నారట. ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి వాళ్ళ నాన్న మా ఇంటికే వచ్చారు. గుమ్మంలో నిలబడే ఆ మాట చెప్పి, ఆ రోజు నేను మర్చిపోయిన జాకెట్టు పొట్లం చేతిలో పెట్టేసి వెళ్ళిపోయారు.

ఏడాది తర్వాత కలిదిండి వెళ్ళి చూశాను. తెల్లకోటు వేసుకుని, తలమీద దుపట్టా సర్దుకుంటూ, సీసాలతో వచ్చిన రైతులతో మాట్లాడుతోంది. ఒకాయనతో అంటోంది: "నిన్న నేను చెప్పిన లెక్క తప్పండీ బాబాయ్ గారూ. పొద్దున్నే మళ్ళీ చేసి చూశాను. చెరువులో సున్నం వెయ్యకండి." ఆయన "మంచిపని చేశావమ్మా, ఇంకా బస్తా విప్పలేదులే" అన్నాడు. అంతే, ఆకాశం ఊడిపడలేదు. నా గుండె మాత్రం గర్వంతో ఉప్పొంగిపోయింది. నా శిష్యురాలని ఆ రైతుకి చెప్పేశాను, ఆయన అడక్కపోయినా.

అందరూ వెళ్ళాక తన రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచింది. పేజీకి రెండో మూడో కొట్టివేతలు. ఒక్కొక్క గీత, పక్కన సంతకం.

"చింపుతారాండీ మేడం?" అంది, నవ్వు ఆపుకుంటూ.

"నోర్ముయ్" అన్నాను. కళ్ళు తుడుచుకుని, ఆఖరి పేజీ అడుగున, అది వద్దంటున్నా వినకుండా, నేనూ సంతకం పెట్టాను.