జిడ్డు మొహం, పసుపు హెల్మెట్టు, విశాఖలో రెండు రోజులు

శనివారం సాయంత్రం షాపు కట్టేసే వేళకి బావ ఫోన్ చేశాడు.

“బావా, నువ్వు రంగులోడివి గదా. నా మొకానికి కూడా ఓ రంగు సూడు. సోమారం లోపల దొరక్కపోతే నా పని అయిపోనాదన్నమాటే.”

నేను సామర్లకోటలో పెయింట్ల షాపు నడుపుతాను. ఫోన్ చేసింది మా అక్క మొగుడు అప్పలనాయుడు, ఉండేది విశాఖపట్నం కూర్మన్నపాలెంలో. వరసకి నేను ఆయన బామ్మర్దినే. కానీ ఆ వైపు మగాళ్ళు ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు కాబట్టి నేనూ ఆయనకి బావనే. ఆయనకి కావలసింది ఎండ తగలకుండా ముఖానికి రాసుకునే సన్‌స్క్రీన్. గోడలకి ఏ రంగు కావాలన్నా నిద్రలో లేపినా చెప్తాను గాని, మొహాల సంగతి నాకేం తెలుసు? అయినా తెలియని సరుకంటే నాకు చిన్నప్పటి నుంచీ మహా కుతూహలం. వస్తున్నానన్నాను.

ఆదివారం ఏడు దాటాక సామర్లకోటలో జనరల్ టికెట్టు తీసుకుని రైలెక్కాను. తుని దాకా నిలబడి, తునిలో సీటు సంపాదించాను. పక్కన అనకాపల్లిలో దిగాల్సిన టీచరమ్మ ఒకావిడ. రోజూ స్కూటీ మీద బడికి వెళ్ళొస్తానని ఎవరితోనో ఫోనులో చెబుతోంది. అంత ఎండలో తిరిగే మనిషి మొహం పొడిగా, నున్నగా ఉంది. పరాయి ఆడవాళ్ళని మొహం గురించి అడిగితే తన్నులు తింటామని తెలుసు, కానీ అవసరం నాది.

“అమ్మా, తప్పుగా అనుకోకండి. మా బావది జిడ్డు మొహం, పని ఎండలో. సన్‌స్క్రీన్ ఎలాంటిది కొనాలి?”

ఆవిడ ఒకసారి నన్ను ఎగాదిగా చూసి, నిజమేనని నమ్మకం కుదిరాక మొదలుపెట్టింది. “జిడ్డు చర్మానికి చిక్కటి క్రీము వద్దండీ, జెల్ అడగండి. నూనె లేనిదని రాసుండాలి. ఎండని ఎంత ఆపుతుందో చెప్పే ఎస్పీఎఫ్ అంకె ముప్పైకి తగ్గకూడదు, పీఏ అక్షరాల పక్కన ప్లస్ గుర్తులు మూడైనా ఉండాలి. కొనే ముందు రాసి చూడమనండి. నాకు పడింది ఆయనకి పడాలనేం లేదు.”

“అంటే పెళ్ళి సంబంధంలా చూసుకోవాలన్నమాట.”

“సంబంధాలైనా ఇంత చూడర్లెండి,” అని నవ్వి దిగిపోయింది.

పదింటికి దువ్వాడలో దిగి, షేర్ ఆటోలో కూర్మన్నపాలెం చేరాను. అక్క ఇడ్లీలు పెట్టి ఉంచింది. బావ అప్పుడే స్నానం చేసి, దోసిట్లో కొబ్బరినూనె ఒంపుకుని తలకి పట్టించి, పాపిడి తీసి నున్నగా దువ్వుకుంటున్నాడు. ఆయన తల ఎప్పుడూ అంతే, నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. రెండు చెంపల మీదా, ముక్కు మీదా మాత్రం ఎర్రటి దద్దుర్లు లేచి ఉన్నాయి.

ఇడ్లీలు తింటూ అసలు కథ చెప్పాడు. బావ ఒక కాంట్రాక్టరు యార్డులో క్రేనుకి సిగ్నల్ మేన్. పైన కూర్చున్న ఆపరేటరుకి కింద ఏముందో సరిగ్గా కనపడదు. కింద నిలబడ్డ బావ చేతులతో సైగ చేస్తే దాన్ని బట్టి ఇనప దూలం లేస్తుంది, తిరుగుతుంది, దిగుతుంది. పదిహేనేళ్ళుగా అదే పని. ఈ వేసవిలో మొహానికి ఎండ సరిపడకుండా పోయింది. డాక్టరు చూసి, రోజూ సన్‌స్క్రీన్ రాసుకోవాలి, లేదా ఎండలో పని మానుకోవాలి అన్నాడు. బావ ఏదో ట్యూబు కొన్నాడు. రాసుకుని వెళ్ళిన మూడో రోజు, దూలం గాల్లో ఉండగా, చెమటతో పాటు అది కళ్ళలోకి దిగింది.

“మంట బావా! కళ్ళు మూసీసినాను. ఆడు పైనుంచి సూత్తన్నాడు, నాను సెయ్యి తిప్పట్లేదు. కింద ఇద్దరున్నారు.” బావ ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. “ఎవరికీ ఏటీ అవలేదు గానీ నన్ను స్టోరులోకి ఏసీసినారు. బోల్టులు లెక్కెట్టుకుంటన్నాను.”

సోమవారం ఒక్క షిఫ్టు మళ్ళీ యార్డులో నిలబెట్టి చూస్తామన్నాడట సూపర్‌వైజరు. కళ్ళు మండితే అప్పటికప్పుడే స్టోరుకి, ఇక శాశ్వతంగా. క్రీము మానేస్తే మొహం పాడవుతుంది, అప్పుడు డాక్టరే యార్డు మాన్పిస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“స్టోర్లో నీడగానే ఉంటుందిగా,” అంది అక్క.

“నీడకేటి, గోడౌన్లో ఎలకలు కూడా ఉంటన్నాయి,” అన్నాడు బావ.

పదకొండు దాటాక సిటీ బస్సెక్కాం. బావ ఒక గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. అందులో ఏముందో అప్పుడు అడగలేదు. కుడి పక్క సీట్లలో కూర్చుని గాజువాక నుంచి ఎన్ఏడీ జంక్షన్ దాకా ఎండలో ఉడికిపోయాం. ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి ద్వారకా నగర్ దాకా నడిచాం. ఆదివారమైనా కోచింగ్ సెంటర్ల ముందు పిల్లలు పుస్తకాల సంచీలతో కిటకిటలాడుతున్నారు. ఒక పెద్ద మందుల షాపులో ఒక గోడంతా మొహాల సరుకే. మా షాపులో రంగుల షేడ్ కార్డుకి ఉన్నన్ని రకాలున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

“మేడమ్‌కా సార్?” అంది కౌంటర్లో అమ్మాయి.

“నాకే తల్లీ,” అన్నాడు బావ. ఆ మాట అన్నప్పుడు గొంతు తగ్గింది. వెనకున్న ఇద్దరు కుర్రాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. రోజుకెన్ని గంటలు ఎండలో ఉంటారు, చెమట ఎక్కువా, ముందు వాడింది ఏది, అని వరసగా అడిగింది. చివరికి రెండు ట్యూబులు బయట పెట్టింది. ఒకటి పాలలా పల్చగా జారే లోషన్, రెండోది నీళ్ళలా తేటగా ఉన్న జెల్. రెండిటి మీదా నూనె లేదనే రాసుంది, చెమటకి తట్టుకుంటుందనీ రాసుంది. రాసుకుని పావుగంట ఆగి ఎండలోకి వెళ్ళాలి, రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోవాలి, మొహం మొత్తానికి రెండు వేళ్ళ పొడవు తియ్యాలి, పిసినారితనం పనికిరాదు అంది.

“ఏది మంచిది?” అన్నాను.

“మీ బావగారి మొహం చెప్పాలండీ.”

రెండూ కొన్నాం. గోడకి రంగు నచ్చుతుందో లేదో తెలియనప్పుడు మేం పక్కపక్కన రెండు పట్టీలు కొట్టి చూపిస్తాం. అదే పద్ధతి ఇక్కడా పెట్టాను. కాంప్లెక్సు దగ్గర హోటల్లో సాంబారన్నం తిన్నాక, చేతులు కడిగే చోట అద్దం ముందు బావని నిలబెట్టి ఎడమ వైపు లోషన్, కుడి వైపు జెల్, నుదురు మీద కూడా సగం సగం రాశాను. ఏ కన్ను ఏడిస్తే ఆ వైపు ట్యూబు ఓడినట్టు. చెయ్యి కడుక్కోడానికి వచ్చిన ఒక పెద్దాయన మా ఇద్దరినీ చూసి, కడుక్కోకుండానే వెళ్ళిపోయాడు.

ఎండ, చెమట, ఉప్పుగాలి మూడూ ఒక్కచోట కావాలంటే ఫిషింగ్ హార్బర్ వెళ్దామన్నాడు బావ. ఆటోలో వెళ్ళాం. తెల్లవారుజామున ఉండే వేలంపాటల హడావుడి ఎప్పుడో అయిపోయింది. బోట్లు ఒకదానికొకటి ఆనుకుని ఊగుతున్నాయి. ఐసు దించిన చోట నేల ఇంకా తడిగా ఉంది. అక్కడ బావ సంచీ విప్పాడు. లోపల ఆయన పసుపు హెల్మెట్టు!

“అది లేకండా పరీచ్చేటి బావా? సోమారం నెత్తి మీద ఇదే గదా ఉంటాది.”

హెల్మెట్టు పెట్టుకుని గెడ్డం కింద పట్టీ బిగించి నడవడం మొదలుపెట్టాడు. ఇద్దరు చేపలమ్మే ఆడవాళ్ళు గబగబా గంపలు సర్దుకున్నారు. వల బాగుచేస్తున్న ఒకతను లేచి నిలబడ్డాడు.

“ఏటి బాబూ, ఇనస్పెక్షనా?”

“కాదు బావా, కిరీము పరీచ్చ,” అన్నాడు బావ.

అతనికి అర్థమయ్యేలా నేను చెప్పాను. అతను పడీపడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి బావ మొహం దగ్గరగా వచ్చి, తల ఒక్కో పక్కకీ వంచి చూశాడు. “ఎడం పక్క దుమ్మట్టీసినాది. కుడి పక్క బాగున్నాది,” అని తీర్పు చెప్పాడు. నిజమే, లోషన్ రాసిన చెంప అప్పటికే జిగటగా మెరుస్తోంది. దారిలో లారీలు లేపిన దుమ్మంతా దానికే అంటుకుంది. జెల్ రాసిన చెంప మీద రాసిన జాడే లేదు. దొరికిందిరా దేవుడా అనుకున్నాను.

ఇంకో నాలుగడుగులు వేశాడో లేదో, బావ ఆగిపోయాడు. రెండు చేతులతో రెండు కళ్ళూ నొక్కుకున్నాడు.

“ఏ కన్ను?” అన్నాను ఆత్రంగా.

“రెండూ మండుతన్నాయి బావా.”

బోటు తాడు కట్టే ఇనపగుంజ మీద కూలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, మంటవో బాధవో నాకు తెలియలేదు. “ఎంత మంచిది రాసినా ఇంతే. నా మొకమే తేడా. ఆ క్రేనోడు నా సేతులు సూడ్డు బావా, నా కళ్ళు సూత్తాడు. నాను ఎటు సూత్తే అటు తిప్పుతాడు. రేపు కళ్ళు మూత్తే ఎవుడో సచ్చిపోతాడు. వొద్దు, నాను స్టోర్లోనే ఉంటాను.”

జేబులోంచి తెల్ల రుమాలు తీసి, హెల్మెట్టు పైకి జరిపి, ఆయన నుదురు తుడిచాను. రుమాలు వైపు చూశాను. క్రీము తెలుపు కాదు, పచ్చటి జిడ్డు మరక. వాసన చూస్తే కొబ్బరినూనె.

హెల్మెట్టు పూర్తిగా తీశాను. లోపలి పట్టీ నూనెలో నానిన ఒత్తిలా ఉంది. ఎండకి లోపల వేడెక్కి, తలకి పట్టించిన నూనె కరిగి నుదుటి మీదకి దిగుతోంది. దిగుతూ దిగుతూ అక్కడున్న క్రీముని ఎత్తుకుని సరాసరి కళ్ళలోకి పోతోంది. ఒట్టి నూనె మండదు కాబట్టి పదిహేనేళ్ళూ తెలియలేదు. ఇప్పుడు క్రీము తోడైంది. నూనె మరక మీద ఏ రంగూ నిలవదన్నది నేను మేస్త్రీలందరికీ రోజూ చెప్పే మాట! పొద్దున ఆయన దోసిట్లో నూనె ఒంపుకుంటుంటే ఎదురుగా కూర్చుని ఇడ్లీలు తిన్నాను గాని నా బుర్రకి తట్టలేదు.

“బావా, నీ మొకం తప్పు కాదు, ట్యూబు తప్పు కాదు. నీ తల.”

చెప్పింది విని బావ హెల్మెట్టు లోపలి పట్టీని వేలితో రాసి చూశాడు. “నూని రాయకపోతే తల దిమ్మెక్కిపోద్ది బావా. మా అమ్మ రాసేది. బడికైనా పొలానికైనా నూని లేకండా గడప దాటనిచ్చీది కాదు.”

“సాయంత్రం రాసుకో. పొద్దున వద్దు.”

వల అతను పక్క నుంచి అన్నాడు, “మీ అమ్మ నీకు క్రేను పనొత్తాదని కలగన్నాదేటి?” బావ నవ్వాడు. ఆ రోజు అదే మొదటి నవ్వు.

తిరుగు ప్రయాణంలో మహా తెలివిగా లెక్కగట్టాం. వచ్చేటప్పుడు కుడి పక్క ఎండ తగిలింది కాబట్టి, బస్సు తిరిగింది కాబట్టి, ఇప్పుడు ఎడమ పక్క తగలాలి. అందుకని మళ్ళీ కుడి పక్కే కూర్చున్నాం. ఈలోగా సూర్యుడు కూడా తిరిగాడని ఎన్ఏడీ దాటాక గాని తెలియలేదు. వేసవిలో ఈ దారిన పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవాళ్ళు రెండుసార్లూ ఎడమ పక్కనే కూర్చోండి.

ఇంటికి రాగానే అక్క కుంకుడుకాయలు నలిపింది. బావ తల రెండుసార్లు రుద్దింది, హెల్మెట్టు పట్టీ విప్పి అదీ రుద్దింది. సోమవారం పొద్దున ఐదుంపావుకి ఆయన జెల్ రాసుకుని, పావుగంట కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. నూనె లేని జుట్టు నాలుగు దిక్కులా లేచి నిలబడింది. “పెళ్ళయ్యాక మిమ్మల్నిలా చూడ్డం ఇదే మొదలు. ఎవరో పరాయి మగాడు ఇంట్లో దూరినట్టుందండీ,” అంది అక్క. బావ చెయ్యి అలవాటుగా నూనె సీసా వైపు వెళ్ళింది. అక్క సీసా తీసి బియ్యం డబ్బాలో పెట్టేసింది.

వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, “స్టోరోళ్ళు నలగని చొక్కాల్తో బయటికొత్తారు బావా. యార్డోళ్ళకి దుమ్ము. దూరం నుంచే తెలిసిపోద్ది,” అన్నాడు.

రెండు గంటలకి షిఫ్టు దిగే వేళ కూర్మన్నపాలెం జంక్షన్లో టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. టీ చేతిలోనే చల్లారిపోయింది. మనుషులు గుంపులుగా వస్తున్నారు, మోటార్ సైకిళ్ళు, సైకిళ్ళు. నేను మొహాలు చూడ్డం మానేసి చొక్కాలు చూస్తున్నాను. శుభ్రమైన నీలం చొక్కా కనపడ్డప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటోంది. చివరికి ఒక చొక్కా వచ్చింది. నీలమో బూడిదో తెలియనంత దుమ్ము. పైన జుట్టు చీపురులా లేచి ఉంది, మొహం మాత్రం తేటగా ఉంది. ఆ మనిషి నేరుగా నా దగ్గరికొచ్చాడు. నా చేతిలో చల్లారిన టీ తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు.

నాలుగింటి రైలుకి దువ్వాడ దాకా దింపడానికి వచ్చాడు. ఈ రెండు రోజుల్లో నేను నేర్చుకున్నది ఇది: జిడ్డు మొహానికి తేట జెల్, వాడే ముందు పట్టీ పరీక్ష, దాని మీదకి జారే నూనె ఏదైనా ఉంటే ముందు దాని సంగతి. మిగతాది ఎవరి మొహం వాళ్ళు చూసుకోవాల్సిందే.

రైలు కదలబోతుంటే బావ ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు వెనక్కి వేసి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. కుడి చెయ్యి నిలువుగా ఎత్తి, చూపుడువేలు పైకి చూపిస్తూ చిన్నగా తిప్పాడు. బరువు పైకెత్తమని క్రేనుకి చేసే సైగ అది. రైలు ఆయన చెప్పినట్టే కదిలింది. ఎదురెండ నేరుగా మొహం మీద పడుతోంది, ఆయన రెప్ప వెయ్యలేదు.

ప్లాట్‌ఫారం దాటేదాకా చూస్తూనే ఉన్నాను. నా కళ్ళే మండాయి. నేను మాత్రం ఏమీ రాసుకోలేదు.